లైంగిక దాడి జరిగితే: చెప్పుకునే హక్కు మీది, వినాల్సిన బాధ్యత వ్యవస్థది

ఈ పాఠం ఎవరి కోసం?

సోమాజిగూడ, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లోని మహిళా సంఘాల సభ్యులు, పింఛన్లు, ఇతర పథకాలు అందుకుంటున్న కుటుంబాలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే, ఉద్యోగం చేసుకునే ఆడపిల్లలు, ఇళ్లలో, ఆస్పత్రుల్లో, షాపుల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లు అందరి కోసం.

పథకం అంటే నెలనెలా ఖాతాలో డబ్బు పడేదే అనుకుంటాం. ఈ పథకాలు అలాంటివి కావు. వీటి అవసరం ఎవరికీ రాకూడదు. కానీ వచ్చిన రోజున వెతుక్కునే ఓపిక ఉండదు. అందుకే ముందే చదివి పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. ఈ పీడీఎఫ్ మీ ఫోన్‌లో ఉంటే ఇంట్లో ఇబ్బంది అవుతుందనుకుంటే, చివర ఉన్న నంబర్లు ఎక్కడైనా రాసుకుని ఫైల్ తీసేయండి.

1. మన నగరంలోనే ఇద్దరు స్త్రీలు

1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద మహిళపై పోలీసులే అత్యాచారం చేశారన్న ఆరోపణ వచ్చింది. పోలీసుల దెబ్బలకు రిక్షా తొక్కుకుని బతికే ఆమె భర్త చనిపోయాడు. నగరం అట్టుడికింది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. పోలీసులదే తప్పని కమిషన్ తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఆ కేసులో పోలీసులు ఏం చేశారన్న ప్రశ్న కన్నా, ఆమె ఎలాంటిది, ఆమె పెళ్లి నిజమైనదేనా, ఆమె నడవడిక ఏంటి అన్న ప్రశ్నలే ఎక్కువ వినిపించాయి. ఆమె పేరు పత్రికలన్నిటిలో వచ్చింది. ఈ రోజుకీ ఆ కేసును ఆమె పేరుతోనే పిలుస్తారు. పేరు దాచాలనే చట్టం అప్పటికి లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

రెండో ఆమె పేరు రాయొచ్చు, ఎందుకంటే ఆమే చెప్పుకుంది. డాక్టర్ సునీతా కృష్ణన్. 15 ఏళ్ల వయసులో ఆమెపై ఎనిమిది మంది సామూహిక అత్యాచారం చేశారు. దాడి తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు తననే దోషిలా చూశారని, తనలో మిగిలింది సిగ్గు కాదు, కోపమని ఆమె ఎన్నో వేదికలపై చెప్పారు. 1996లో హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థ మొదలుపెట్టి, వ్యభిచార కూపాల్లోకి అమ్ముడుపోయిన ఆడపిల్లలను బయటికి తెచ్చే పనిలో నిలిచారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. 2024లో తన జీవితాన్ని ఇంగ్లిష్‌లో పుస్తకంగా రాశారు.

2015 ఫిబ్రవరిలో అత్యాచార దృశ్యాల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూ ఆమె దగ్గరికి చేరాయి. ఆమె బాధితుల ముఖాలు కనపడకుండా చేసి, దాడి చేసినవాళ్ల ముఖాలు మాత్రం జనానికి చూపించి, వీళ్లెవరో గుర్తుపట్టండని అడిగారు. తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుని సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. ఆ కేసు విచారణ సాగుతుండగానే, ఇలాంటి వీడియోలపై ఫిర్యాదు చేయడానికి 2018లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ వచ్చింది. ఈ రోజు ఎవరి వీడియో ఎవరైనా పంచితే మనం ఫిర్యాదు చేసే పోర్టల్ వెనుక మన ఊరి నుంచి వెళ్లిన ఒక ఉత్తరం ఉంది.

ఈ ఇద్దరి మధ్య దాదాపు 40 ఏళ్లు. ఈలోగా చట్టం మారింది. నల్లకుంట, మహారాష్ట్రలో జరిగిన మరో కస్టడీ కేసు, వాటిపై మహిళా సంఘాల పోరాటాల తర్వాత 1983లో మూడు పెద్ద మార్పులు వచ్చాయి. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. విచారణ తలుపులు మూసి జరపాలన్నారు. పోలీస్ కస్టడీ లాంటి చోట్ల జరిగిన కేసుల్లో లైంగిక చర్య జరిగిందని రుజువై, ఆమె తనకు ఇష్టం లేదని కోర్టులో చెబితే, ఇష్టం లేదనే కోర్టు భావించాలన్నారు. 2003లో ఆమె నడవడిక మంచిది కాదని చూపి సాక్ష్యాన్ని కొట్టేసే పాత నిబంధనను తీసేశారు. ఈ పాఠంలో మీరు చదివే హక్కులు ఎవరో దయతో ఇచ్చినవి కావు. ఒకామె నోరు తెరిచి చెప్పి, ఓడిపోయి, అవమానపడితే తర్వాతివాళ్లకు దక్కినవి.

2. ముందుగా ప్రాణం, ఆరోగ్యం

ప్రమాదంలో ఉంటే 112కు గానీ 100కు గానీ ఫోన్ చేయండి. మాట్లాడే పరిస్థితి లేకపోతే దగ్గరున్న ఒక్క నమ్మకమైన మనిషికి చెప్పండి.

వీలైతే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఆ బట్టలు కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్‌లో వద్దు. ఇప్పటికే స్నానం చేసేశారా? అయినా వెళ్లండి. కేసు పోయినట్టు కాదు.

ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఇది బీఎన్ఎస్ఎస్ 397వ సెక్షన్. ముందు ఎఫ్ఐఆర్ తెండి, ముందు డబ్బు కట్టండి అని తిప్పి పంపితే ఆ ఆస్పత్రి నడిపేవాళ్లదే నేరం. అయితే ఆస్పత్రి వాళ్లు పోలీసులకు సమాచారం ఇస్తారు. అది వాళ్ల బాధ్యత. కంగారు పడకండి.

72 గంటలు చాలా ముఖ్యం. గర్భం రాకుండా మాత్ర, హెచ్ఐవీ సోకకుండా మందు ఈలోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది. అడగడానికి మొహమాటపడకండి. గర్భం వస్తే, అత్యాచార బాధితులకు 24 వారాల వరకు చట్టబద్ధంగా తీయించుకునే హక్కు ఉంది. ఆ గడువు దాటితే హైకోర్టు అనుమతి అడగొచ్చు. న్యాయసేవాధికార సంస్థ సాయం చేస్తుంది.

వైద్య పరీక్షకు మీ ఒప్పుకోలు తప్పనిసరి. చికిత్సకు ఒప్పుకుని, పరీక్షకు వద్దనడానికి కూడా మీకు హక్కు ఉంది. కానీ పరీక్ష కేసుకు బలం. ‘రెండు వేళ్ల పరీక్ష’ మాత్రం చేయకూడదు. అది అశాస్త్రీయమని, చేసినవాళ్లు తప్పుడు ప్రవర్తన కింద బాధ్యులవుతారని 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

3. పోలీస్ స్టేషన్‌లో

‘ఇది మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండి’ అనే మాట ఇక చెల్లదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాయాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కూకట్‌పల్లిలో జరిగినా పంజాగుట్టలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్లే అక్కడికి పంపుతారు.

మీ ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. రాసింది మీకు చదివి వినిపించాలి. మీరు చెప్పిన మాట ఒకటి, రాసింది ఒకటి అయితే సంతకం పెట్టకండి, మార్చమనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇంటికి వచ్చేటప్పుడు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.

మీ వాంగ్మూలం కోసం మిమ్మల్ని పదేపదే స్టేషన్‌కు తిప్పకూడదు. మీ ఇంట్లో గానీ మీరు చెప్పిన చోట గానీ, మీవాళ్లు లేదా సామాజిక కార్యకర్త పక్కన ఉండగా తీసుకోవాలి.

అత్యాచారం కేసులో ఎఫ్ఐఆర్ రాయడానికి నిరాకరించిన అధికారికి 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు కఠిన జైలుశిక్ష ఉంటుంది. ఇది బీఎన్ఎస్ 199వ సెక్షన్. రాయకపోతే పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపండి. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

‘ఇన్ని రోజులు ఎందుకు ఆగావు?’ అని అడుగుతారనే భయం చాలామందికి ఉంటుంది. లైంగిక దాడి కేసుల్లో కుటుంబం పరువు, భయం వల్ల ఆలస్యం కావడం సహజమేనని, అదొక్కటే కారణంగా కేసును అనుమానించకూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు.

4. మీ మాటను మీరు రాసి పెట్టుకోండి

జరిగింది కోర్టులో చెప్పే రోజు కొన్ని నెలలకో, కొన్నేళ్లకో వస్తుంది. అప్పటికి తేదీలు కలిసిపోతాయి, మాటలు మరిచిపోతాం. అది అబద్ధం కాదు, మనిషి మనసు తీరే అంత. కాబట్టి మనసు కాస్త కుదుటపడ్డాక ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రోజు, సమయం, చోటు, ఎవరున్నారు, ఏమన్నారు, తర్వాత మొదట ఎవరికి చెప్పారు, ఏ స్టేషన్‌కు ఎప్పుడు వెళ్లారు. చదువు రాకపోతే నమ్మకమైనవాళ్లతో రాయించుకుని, ఎవరు రాశారో పేరు, తేదీ వేయించండి.

గుర్తున్నంతే రాయండి. గుర్తులేనిది ‘గుర్తులేదు’ అని రాయండి. ఖాళీలు నింపొద్దు. కోర్టులో జ్ఞాపకం తెచ్చుకోవడానికి ఆ కాగితం చూస్తే, ఎదుటి వకీలు కూడా దాన్ని అడిగి చూడొచ్చు. అందుకే ఉన్నది మాత్రమే రాయాలి. రాసింది వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, గ్రూపుల్లో పంపొద్దు. బెదిరింపు మెసేజ్‌లు, కాల్ వివరాలు మాత్రం చెరపకండి.

మేజిస్ట్రేట్ ముందు కూడా మీ వాంగ్మూలం నమోదవుతుంది. వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే తీసుకుంటారు. ఇది చాలా కీలకం. తొందరపడకుండా, మీ మాటల్లో, మీకు వచ్చిన భాషలో చెప్పండి. తెలుగైనా ఉర్దూ అయినా లంబాడీ అయినా ఫర్వాలేదు. అవసరమైతే దుబాసీని అడగండి.

5. కోర్టులో మిమ్మల్ని ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు

అత్యాచారం కేసు విచారణ తలుపులు మూసి జరుగుతుంది. బయటివాళ్లు ఉండరు. ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తారు, మీరు ఫీజు కట్టాల్సిన పని లేదు. ఆయనకు తోడుగా మీ సొంత వకీలును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగొచ్చు. ఆడవాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం హక్కు ఉంది. అది 1987 చట్టం.

నిందితుడి తరఫు వకీలు మిమ్మల్ని ప్రశ్నిస్తారు. గట్టిగానే అడుగుతారు, దానికి మనసు సిద్ధం చేసుకోండి. కానీ మీకు ఇంతకుముందు ఎవరితో సంబంధం ఉంది, మీ నడవడిక ఎలాంటిది అని అడిగి, మీకు ఇష్టం ఉందని నిరూపించాలని చూడటం చట్టం ఒప్పుకోదు. అలా అడిగితే మీ వకీలుతో అభ్యంతరం చెప్పించండి. 1978లో నల్లకుంట కేసులో ఆమెను అడిగిన ప్రశ్నలు ఈ రోజు మిమ్మల్ని అడగకూడదు.

మీ ఒక్కరి సాక్ష్యం నమ్మదగినదైతే అదే శిక్షకు సరిపోతుంది. చూసిన సాక్షి లేడని నిరుత్సాహపడకండి.

పోలీసు దర్యాప్తు 2 నెలల్లో పూర్తి కావాలి. ఛార్జిషీట్ వేసిన 2 నెలల్లో విచారణ ముగించాలని చట్టంలో ఉంది. నిజం చెప్పాలంటే చాలా కేసులు అంతకన్నా ఎక్కువ కాలమే పడుతున్నాయి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలియజేయాలి. అడిగి తెలుసుకోండి.

బెదిరింపులు వస్తే సాక్షుల రక్షణ పథకం 2018 కింద రక్షణ కోరుతూ దరఖాస్తు పెట్టొచ్చు. ప్రాసిక్యూటర్ దారి చూపుతారు.

బస్తీలో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తామంటారు. పెళ్లి చేస్తే అయిపోతుంది కదా అంటారు. అత్యాచారం రాజీ కుదుర్చుకునే నేరం కాదు. కోర్టులు కూడా పెళ్లి, రాజీ లాంటి సలహాలు ఇవ్వకూడదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

6. పరిహారం: కేసు గెలిస్తేనే వస్తుందా?

లేదు. చాలామందికి తెలియని విషయం ఇదే.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యం జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచారం ఫిర్యాదు చేశారు. వాళ్లు కోర్టుల చుట్టూ 16 ఏళ్లు తిరిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అయితే దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపడుతూ, ఆ మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. వాళ్లు కోరింది డబ్బు కాదు, ఆ తీర్పు పూర్తి న్యాయమూ కాదు. కానీ పరిహారం హక్కు నిందితుడి శిక్షతో ముడిపడి లేదని అక్కడ కనిపిస్తుంది. నిందితుడు దొరకకపోయినా, ఎవరో తెలియకపోయినా మీరు దరఖాస్తు చేయొచ్చు.

సుప్రీంకోర్టు 2018లో అన్ని రాష్ట్రాల్లో అమలు చేయాలన్న నల్సా పథకం ప్రకారం మొత్తాలు ఇవి:

అత్యాచారం: 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయలు.
సామూహిక అత్యాచారం: 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలు.
అత్యాచారం వల్ల గర్భం వస్తే: 3 లక్షల నుంచి 4 లక్షల రూపాయలు.
బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే: ఈ పరిమితులు 50 శాతం ఎక్కువ.

ఎలా దరఖాస్తు చేయాలి? ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఉంటే ఆస్పత్రి కాగితాలు తీసుకుని న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వాలి. మనకు దగ్గరలో నాంపల్లి క్రిమినల్ కోర్టుల ప్రాంగణంలో అడగండి. ఫీజు లేదు. దళారీ అవసరం లేదు. కేసు తేలేదాకా ఆగకుండా వెంటనే ఖర్చుల కోసం తాత్కాలిక సాయం కూడా అడగొచ్చు. నేరం జరిగిన రోజు నుంచి గానీ విచారణ ముగిసిన రోజు నుంచి గానీ 3 ఏళ్లలోపు దరఖాస్తు చేయాలి. మంజూరైన డబ్బులో 75 శాతం కనీసం 3 ఏళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. ఖాతా మీ పేరు మీదే ఉండేలా చూసుకోండి.

7. అన్నీ ఒకే చోట: భరోసా, సఖి

భరోసా కేంద్రం 2016లో హైదరాబాద్‌లో మొదలైంది. సైఫాబాద్ హాకా భవన్‌లో ఉంది. అమీర్‌పేట, పంజాగుట్ట నుంచి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గర. పోలీసు సాయం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకే చోట దొరుకుతాయి. జరిగింది ప్రతి గుమ్మంలో మళ్లీ మళ్లీ చెప్పుకునే బాధ తగ్గించడమే దీని ఉద్దేశం.

సఖి కేంద్రాల్లో కూడా ఇవే సేవలు ఉంటాయి. ఇంటికి వెళ్లలేని పరిస్థితి ఉంటే 5 రోజుల వరకు తాత్కాలికంగా ఉండొచ్చు. భర్త చేతిలో హింస ఎదుర్కొంటున్నవాళ్లు 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోసం కూడా ఇక్కడికి రావొచ్చు. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచడం నేరం. పిల్లల వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. కోర్టులో పిల్లలు నిందితుడికి ఎదురుపడకుండా చూడాలి.

8. పేరు చెప్పాలా, వద్దా?

అది మీ ఇష్టం. బీఎన్ఎస్ 72వ సెక్షన్ ప్రకారం మీ పేరు, ఫోటో, మిమ్మల్ని గుర్తుపట్టే ఏ వివరమైనా అచ్చు వేసినా, పోస్ట్ చేసినా 2 ఏళ్ల వరకు జైలు. ‘ఫలానా గల్లీలో ఫలానా వాళ్ల కోడలు’ అని గ్రూపులో పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. మీరు పేరు చెప్పుకోవాలనుకుంటే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు.

అమెరికాలో షానెల్ మిల్లర్ అనే యువతి కేసు నడిచినంతకాలం మారుపేరుతోనే ఉండి, 2019లో తన కథను పుస్తకంగా రాస్తూ అసలు పేరు చెప్పుకుంది. ఫ్రాన్స్‌లో జిసెల్ పెలికో అనే పెద్దావిడ 2024లో తన కేసు తలుపులు తెరిచే విచారించాలని కోరింది. 51 మందికి శిక్ష పడింది. ఇద్దరిదీ సరైన నిర్ణయమే, ఎందుకంటే నిర్ణయం వాళ్లదే. పేరు చెప్పనామె పిరికిదీ కాదు, చెప్పినామె తెగించినదీ కాదు.

9. పక్కింటివాళ్లకు, ఇంటివాళ్లకు

మీ ఇంట్లో, మీ సంఘంలో ఎవరైనా వచ్చి చెబితే మూడు పనులు చేయండి. ముందు వినండి. ‘అంత రాత్రి ఎందుకు వెళ్లావు’ అని అడగకండి. రెండోది, ఆస్పత్రికి, స్టేషన్‌కు తోడు వెళ్లండి. మూడోది, విన్నది ఇంకొకరికి చెప్పకండి. కోర్టు వాయిదా రోజున పిల్లలను చూసుకోవడం, ఆ రోజు కూలి పోయినా ఇల్లు గడిచేలా చూడటం చిన్న సాయంలా కనిపిస్తుంది. కేసు మధ్యలో వదిలేయకుండా నిలబెట్టేది చాలాసార్లు అదే.

చదివింది సరిచూసుకోండి

స్టేషన్‌లో ‘మా పరిధి కాదు’ అంటే? జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి.
ఆస్పత్రిలో ‘ఎఫ్ఐఆర్ తెండి’ అంటే? చికిత్స ముందు, అది చట్టం.
నిందితుడు దొరకలేదు, పరిహారం వస్తుందా? దరఖాస్తు చేయొచ్చు.
పేరు బయటపెడతామని బెదిరిస్తే? అది మరో నేరం, దాని మీదా ఫిర్యాదు ఇవ్వండి.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

అత్యవసరం: 112 లేదా 100
మహిళా హెల్ప్‌లైన్, సఖి: 181
పిల్లల హెల్ప్‌లైన్: 1098
ఉచిత న్యాయసాయం: 15100
ఫోటోలు, వీడియోలు పంచుతుంటే: 1930, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

ఈ నంబర్లను మీ సంఘం రిజిస్టర్ వెనుక పేజీలో రాసి పెట్టండి. హాస్టల్‌లో ఉంటే నోటీసు బోర్డు మీద అతికించండి. ఎవరు చూసి రాసుకున్నారో అడగక్కర్లేదు.